ఎనిమిది మొట్టికాయలు

విమానాశ్రయం క్వార్టర్లు, వెనక వరస
మార్చి 4

ఒరే చిలకా,

నా ఫోను గోడకేసి కొట్టాను. మూడు ముక్కలైంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. అది ఉన్నప్పుడు మాత్రం నువ్వు ఎత్తి ఏడ్చావు గనకనా. ఇరవైసార్లు చేశాను. మీ అక్క తన ఫోను నుంచి చేస్తే ఒక్కసారి ఎత్తి, "బాగున్నానక్కా, పనిలో ఉన్నా" అని పెట్టేశావట. నా తమ్ముడు పోయి రెండు వారాలు కాకుండానే బదిలీ అడిగి వెళ్ళిపోయావు. పెళ్ళాం తమ్ముడివి, పక్కన ఉండాల్సిన సమయంలో చల్లగా జారుకున్నావు. ఆ సంగతి తర్వాత చూసుకుందాం.

నిన్న విచారణ గదిలో నా గొంతు నాకే వినిపించారు. అందుకే ఈ ఉత్తరం. ఆ రోజు జరిగింది నాకు గుర్తున్నంతవరకు రాస్తాను. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి తప్పుంటే దిద్దు.

ఒంటిగంటకి టవరు నుంచి రన్‌వే తీసుకున్నాను. విమానాలు పెరిగాక మరమ్మతులకి మనకి మిగిలింది ఆ మధ్యాహ్నం గంటన్నరే. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి, వాడి గొంతే రేడియోలో టవరుకి చెప్పాలి. ఇది మనం చేరకముందు నుంచీ ఉన్న పద్ధతి. ఇచ్చే ముందు తమ్ముడితో కలిపి మీ ఎనిమిదిమందినీ గడ్డిలో వరసగా నిలబెట్టి తలకొక మొట్టికాయ వేసేవాణ్ణి. ఎనిమిదీ పడ్డాకే రేడియో ముట్టుకునేవాణ్ణి. మొట్టికాయల మేస్త్రి అని మీరు నా వెనక నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వితే నవ్వారు, పదకొండేళ్ళలో ఒక్కడికి గీత పడలేదు.

ఆ రోజు కాంక్రీటు పలకల సందులు నింపుతున్నాం. రన్‌వే పొడిగిస్తున్న కంట్రాక్టరు మనిషి మూడోసారి మన అంచు దీపాల కేబులు తెంపాడు. అడిగితే, "మీ దీపాలు మీరు చూసుకోండి, నా పని నాకుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రేడియో జీపు సీటు మీద పారేసి కందకం అవతలికి వెళ్ళి వాడి మూతి మీద గుద్దాను. రెండు పళ్ళు ఊడాయి. ఒకటి నా వేలి కణుపులో దిగింది, ఆ మచ్చ ఇంకా ఉంది. కింద పడితే మీద కూర్చుని వాడి తల మట్టికేసి కొట్టాను. వాడికి పార దొరికింది, నా చెవి మీద వేశాడు. అప్పుడు వినపడింది విమానం చప్పుడు.

నేను ఇవ్వని రన్‌వే మీద విమానం ఎలా దిగుతుందిరా అనుకుంటూ తల తిప్పాను. తమ్ముడు రన్‌వే మధ్యలో వంగి ఏదో ఏరుతున్నాడు. తలెత్తాడు, పరిగెత్తాడు. నాలుగు అడుగులు వేసి ఉంటాడు. విమానం పంకా వాణ్ణి భుజం దగ్గర అందుకుంది. ఆ తర్వాత నేను వాణ్ణి రెండు చోట్ల నుంచి ఏరుకొచ్చాను. నువ్వు చూశావు, గడ్డిలో వాంతి చేసుకున్నావు.

ఇప్పుడు టేపులో ఏముందంటే, "రన్‌వే తిరిగి ఇస్తున్నాం, మనుషులందరూ బయట, బళ్ళన్నీ బయట" అని నేను చెప్పాను. టవరాయన నమ్మకం కుదరక రెండోసారి అడిగితే విసుక్కున్నాను కూడా. గొంతు నాదే. మీ అక్కకి వినిపించినా నాదే అంటుంది. కానీ నేను మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.

రేడియో ఉన్న జీపు దగ్గర ఉన్నది నువ్వొక్కడివే. మిగతావాళ్ళు చూడలేదంటున్నారు, ఆ కంట్రాక్టరు మనిషికి ఏమీ గుర్తు లేదట. నేను వచ్చి మాట్లాడానా లేదా? ఒక్క ముక్క రాయి చాలు. అవునంటే నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నట్టు. అప్పుడు ఏం చేసుకోవాలో నాకు తెలుసు.

నీ బావ

*

కొత్త విమానాశ్రయం, పనివాళ్ళ షెడ్డు
మార్చి 12

బావా,

నీ చేతిరాత చూసి ముందు కోడి కెలికిందేమో అనుకున్నాను. మూడు పేజీలు నువ్వు రాశావంటే అక్క పక్కన కూర్చుని దెబ్బలాడి రాయించిందనుకుంటున్నాను.

ఇక్కడ ఊపిరాడటం లేదు. ఏడాదిలో విమానాలు రెట్టింపయ్యాయి, మనుషులు మాత్రం పెరగలేదు. టైర్లు దిగినచోట అంటుకున్న రబ్బరు గీకే పనిలో వేశారు నన్ను. గొట్టంలోంచి నీళ్ళు ఎంత వడితో వస్తాయంటే, మొన్న ఒకడు గొట్టం జారవిడిచి పట్టుకోబోతే బూటుతో సహా పాదం చీలింది. బూటు విప్పితే రెండు వేళ్ళు అందులోనే ఉండిపోయాయి. వాణ్ణి జీపులో పంపించి, నెత్తురు అదే గొట్టంతో కడిగి, టైముకి రన్‌వే ఇచ్చేశాం.

నువ్వు అడిగిన సంగతి. నేను అటు తిరిగి తారు డబ్బా కింద మంట చూసుకుంటున్నాను బావా. నువ్వు జీపు దగ్గరికి వచ్చావో లేదో చూడలేదు. టేపులో నీ గొంతు ఉందంటే నువ్వే మాట్లాడి ఉంటావు. ఆ కోపంలో మనిషికి ఏం గుర్తుంటుంది. చెవి మీద పార దెబ్బ కూడా పడిందాయె. నువ్వు కావాలని చేసింది కాదు కదా, దాన్ని పట్టుకుని పిచ్చి పనులు చెయ్యకు. చిన్న బావ ఎలాగూ తిరిగి రాడు.

ఇక్కడ నన్ను చిలక అని ఎవరూ పిలవరు. అందరి గొంతులూ అనుకరిస్తానని ఒకడికి ఎవరో చెప్పారట. భోజనాల దగ్గర, "మన ఆఫీసరు గొంతు చెయ్యవోయ్" అని భుజం తట్టాడు. చేతిలో తారు గరిటె ఉంది. దాంతోనే కొట్టాను. మెడ కాలింది వాడికి, తోలు గరిటెకి అంటుకొచ్చింది. నాకెందుకు అంత కోపం వచ్చిందో నీకు తెలుస్తుందనుకుంటాను, నువ్వూ కోపిష్టివే కదా.

అక్కని అడిగానని చెప్పు.

చిలక

*

క్వార్టర్లు
మార్చి 27

ఒరే,

నీ ఉత్తరం చదివి వారం రోజులు నేను మనిషిని కాను. నువ్వే మాట్లాడి ఉంటావు అని రాశావు. సరే, మాట్లాడాను, చంపుకున్నాను అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం పెరట్లో ఎడమ చెయ్యి గట్టు మీద పెట్టి సుత్తితో కొట్టుకున్నాను. రెండు వేళ్ళు నుజ్జయ్యాయి. మూడో దెబ్బకి మీ అక్క సుత్తి పట్టుకుని వేలాడింది. ఆవిణ్ణి విదిలించి కొట్టాను. గోడకి తగిలి కనుబొమ చిట్లింది. ఇంతవరకు మీ అక్క మీద చెయ్యి వెయ్యలేదు నేను, నీకు తెలుసు. ఆ లెక్కా తప్పింది.

తనే నా చేతికి గుడ్డ చుట్టింది, కంట్లోకి నెత్తురు కారుతుంటే తుడుచుకుంటూ. "మాట్లాడింది నోరైతే చేతినెందుకు కొట్టుకున్నారు" అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ ఏడ్చాను. అప్పుడు మళ్ళీ అంది, "మొట్టికాయలు వెయ్యకుండా మీరు రన్‌వే ఎప్పుడిచ్చారు?"

లేచి కూర్చున్నాను. నిజమే కదరా. ఎంత కోపంలో ఉన్నా, జ్వరంలో ఉన్నా, ఎనిమిది తలలు ముట్టుకోకుండా నా నోట ఆ మాట రాదు. నిద్రలో కూడా రాదు. అంటే ఆ మాట నేను చెప్పలేదు. మరి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. టవరాయన అబద్ధం ఆడుతున్నాడు. విమానం వచ్చి నెత్తి మీద తిరుగుతుంటే తొందరపడి తనే దారిచ్చాడు, నా పాత టేపుల్లోంచి ముక్కలు కోసి అతికించి నా నెత్తిన రుద్దాడు. ఏళ్ళ తరబడి రోజూ మాట్లాడాను, వాడికి నా గొంతుకేం కొదవ. విసుక్కోవడమూ రోజూ ఉన్నదే.

మొన్న వాడింటికి వెళ్ళాను. గేటు దగ్గరే కూరగాయల సంచీతో ఎదురొచ్చాడు. "మేస్త్రిగారూ, లోపలికి రండి" అన్నాడు. నుదురుతో వాడి ముక్కు మీద కొట్టాను. కూలబడ్డాడు. కడుపులో తన్నాను. వాడి భార్య వచ్చి నా మణికట్టు కొరికి పట్టుకుని వదల్లేదు, పంటి గాట్లు ఇప్పుడు చీము పట్టాయి. పక్కింటివాళ్ళు నలుగురు లాగితే వచ్చాను. మళ్ళీ వస్తానని చెప్పే వచ్చాను.

నీకు చెబితే సంతోషిస్తావని రాస్తున్నాను. నా తమ్ముణ్ణి నేను చంపలేదు.

నీ బావ

*

పనివాళ్ళ షెడ్డు
ఏప్రిల్ 4

బావా,

అక్క కనుబొమ ఎలా ఉంది? కుట్లు పడ్డాయా? అది రాయలేదు నువ్వు.

టవరాయన జోలికి మళ్ళీ వెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆయన తప్పు లేదు. ఆయన పిరికివాడు, రూలు దాటి కాలు బయట పెట్టడు, టేపులు కోసి అతికించే మనిషి కాదు. కంట్రాక్టరు తవ్విన మట్టి గాలికి లేచి సగం రన్‌వే ఆయనకి కనపడనే కనపడదు. అందుకే రెండుసార్లు అడిగాడు. అడిగినదానికి జవాబు వచ్చింది, విమానం దింపాడు. ఆయన చెయ్యగలిగింది అంతే.

విచారణవాళ్ళు ఏదో ఒకటి రాసి ముగిస్తారు. ముగియనీ. నీ ఉద్యోగం పోతే ఇక్కడికి వచ్చెయ్యండి ఇద్దరూ, నాకు ఇచ్చిన గది పెద్దదే. నీలాంటి మేస్త్రి దొరికితే ఇక్కడివాళ్ళు కళ్ళకద్దుకుంటారు. ఇక్కడ ఎవరూ తలలు లెక్కపెట్టరు. బళ్ళు లెక్కపెట్టి ఇచ్చేస్తారు. రోజూ నా ప్రాణం అరచేతిలో ఉంటుంది.

నిద్ర పట్టడం లేదు.

చిలక

*

క్వార్టర్లు
ఏప్రిల్ 8

చిలకా,

వాడి తప్పు లేదని నీకెలా తెలుసు? అటు తిరిగి మంట చూసుకుంటున్నానన్నావు, వాడు రెండుసార్లు ఎందుకు అడిగాడో నీకెలా తెలుసు? టవరువాళ్ళు నిన్ను పట్టుకున్నారా? బదిలీ అంత తేలిగ్గా ఇచ్చారంటే ఏమిటా అనుకున్నాను. వాడి తరఫున సాక్ష్యం చెబుతానని ఒప్పుకున్నావా? అదే నిజమైతే నువ్వు నాకు చచ్చినవాడితో సమానం.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం రెండింటికి వాడు డ్యూటీ దిగి సైకిళ్ళ షెడ్డుకి వస్తాడు. దీపాల గుంతల మూతలు లేపే ఇనప కడ్డీ నా దగ్గరే ఉంది, సస్పెండు చేసినప్పుడు అడగడం మర్చిపోయారు. ఈసారి లాగడానికి పక్కింటివాళ్ళు ఉండరు. నిజం ఒప్పుకుంటే వదిలేస్తాను. లేకపోతే లేచి నడవడు.

నువ్వు చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆలోపు చెప్పు. బతిమాలడం అయితే వద్దు, నీ బతిమాలుళ్ళతో విసిగిపోయాను.

బావ

*

షెడ్డు
ఏప్రిల్ 11

బావా,

ఆ గొంతు నాది.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని అక్కకి మూడుసార్లు ఫోను చేశాను. "హలో" అనగానే పెట్టేశాను. బస్టాండుకి వెళ్ళాను, మీ ఊరి బస్సు కదిలేదాకా దాని పక్కనే నిలబడి తిరిగొచ్చాను. నోటితో చెప్పలేను, రాస్తున్నాను.

నువ్వు కందకం అవతల ఉన్నావు. టవరాయన మూడుసార్లు పిలిచాడు. "మూడు నిమిషాల్లో విమానం ఉంది, ఇస్తారా, తిప్పి పంపమంటారా? మేస్త్రిగారిని మాట్లాడమనండి" అన్నాడు. నువ్వు వాడి మీద కూర్చుని ఉన్నావు, నీ చెయ్యి లేవడం, దిగడం నాకు కనిపిస్తోంది. కొట్లాటలకి నీకు అప్పటికే రెండు హెచ్చరిక కాగితాలు వచ్చాయి. రన్‌వే తీసుకుని వదిలేసి కొట్లాటకి వెళ్ళావని తెలిస్తే ఆ రోజే నీ ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది, అక్క రోడ్డున పడుతుంది. ఇదీ నేను అనుకున్నది. నన్ను నేను వెనకేసుకు రావడానికి రాయడం లేదు, అనుకున్నది రాస్తున్నాను.

బళ్ళు లెక్కపెట్టాను. నాలుగూ గడ్డిలోనే ఉన్నాయి. ఊడ్చే బండి కూడా ఉంది, అందులో చిన్న బావ ఉన్నాడనుకున్నాను. ఆ బండి బ్రష్షు నుంచి ఇనప పుల్ల ఒకటి రాలితే, విమానం టైరులో దిగుతుందని తను బండి దిగి నడిచి వెళ్ళాడు. తను చేసింది సరైన పని. తలలు లెక్కపెట్టి ఉంటే నాతో కలిపి ఏడే తేలేవి.

రేడియో తీసి నీ గొంతు చేశాను. ఆయనకి అనుమానం వచ్చింది. "అందరూ బయటేనా మేస్త్రిగారూ" అని మళ్ళీ అడిగాడు. "నాకు నేర్పుతావా నువ్వు, బయటేనన్నాను కదా" అని నీలాగే కసిరాను. ఆయన నోరు మూసుకున్నాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది బావా. ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను. అంతలోకే చప్పుడు వచ్చింది.

నీ ముందు ఎప్పుడూ చెయ్యలేదు గానీ, నీ గొంతు చెయ్యడం నాకు దగ్గరుండి నేర్పింది చిన్న బావే. "అన్నయ్య అంత మెత్తగా తిట్టడురా, ఇంకొంచెం బరువు కలుపు" అని దిద్దేవాడు. సరిగ్గా వస్తే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

నువ్వే మాట్లాడి ఉంటావని రాశాను చూడు, అది రాసిన చెయ్యి విరగ్గొట్టు. ఇక్కడికి వచ్చినా సరే, నేను అక్కడికి వచ్చినా సరే, చంపినా నేను చెయ్యి అడ్డం పెట్టను. టవరాయనకి మాత్రం అపకారం చెయ్యకు. ఆయన నీ గొంతుకి భయపడ్డాడు, అంతే.

చిలక

*

పోలీసు స్టేషను
ఏప్రిల్ 16

చిలకా,

నీ ఉత్తరం పద్నాలుగో తారీఖు పొద్దున పదకొండింటికి వచ్చింది. పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. పైన నీ రాత చూసి, మళ్ళీ బతిమాలుడే అనుకున్నాను. విప్పలేదు. చొక్కా జేబులో కుక్కుకుని, కడ్డీ తీసుకుని బయల్దేరాను.

ఆయన రెండూ పదికి వచ్చాడు. ముక్కుకి ఇంకా పట్టీ ఉంది. నన్ను చూసి పారిపోలేదు, సైకిలు అడ్డం పెట్టుకున్నాడు. నిజం చెప్పమన్నాను. "మీ గొంతేనండీ, నాకు చెప్పింది మీరేనండీ" అన్నాడు. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది, ఎముక బయటికి వచ్చింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అన్నాడు. మోకాలు మీద కొట్టాను. పడిపోయాక కూడా, నెత్తురు ఉమ్ముకుంటూ, అదే మాట. అన్నప్పుడల్లా కొట్టాను. నాలుగుసార్లు అన్నాడు. నాలుగో దెబ్బకి ఎడమ కన్ను పోయింది. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది.

ఇక్కడ జేబులు ఖాళీ చేయించినప్పుడు అది దొరికింది. నా చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. హెడ్డు కానిస్టేబులు విప్పి పైకి చదివాడు. నెత్తురంటిన చోట అక్షరాలు కనపడక ఆగి ఆగి చదివాడు. మీ అక్క నాకు భోజనం తెచ్చి బల్ల మీద కూర్చుని ఉంది. ఇద్దరం కలిసే విన్నాం. "టవరాయనకి మాత్రం అపకారం చెయ్యకు" అన్నచోట ఆయన కాగితం దించి నా మొహంలోకి చూశాడు.

నిన్ను తిట్టాలని ఉంది. రెండు రోజులుగా తిట్లు వెతుక్కుంటున్నాను. ప్రతి తిట్టూ సగం దూరం వెళ్ళి నా మీదికే తిరిగి వస్తోంది. రన్‌వే చేతిలో ఉంచుకుని కొట్లాటకి పోయింది నేను. ఆ గొంతు వింటే ఎదుటివాడు మూడోసారి అడగడానికి జంకేలా చేసింది నేను. నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే ఆయనకి రెండు కళ్ళూ ఉండేవి. నేను కవరు చింపి ఉన్నా ఉండేవి. ఇందులో ఎవరిది ఎంత అని తేల్చుకునే ఓపిక నాకు లేదు. నువ్వు కనిపిస్తే మాత్రం కొడతాను, ముందే చెబుతున్నాను.

చదవడం అయ్యాక మీ అక్క భోజనం డబ్బా మూత పెట్టేసింది. నాకు పెట్టలేదు. డబ్బా తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆసుపత్రికి వెళ్ళిందని సాయంత్రం కానిస్టేబులు చెప్పాడు. టవరాయన భార్య లోపలికి రానివ్వలేదట, డబ్బా విసిరికొట్టిందట. మీ అక్క గుమ్మం పక్కన నేల మీద కూర్చుందట. ఇవాళ కూడా అక్కడే ఉందట. ఆయనకి తెలివి వచ్చినప్పుడల్లా, "మేస్త్రిగారే కదా చెప్పింది" అని అడుగుతున్నాడట. ఎవరూ జవాబు చెప్పడం లేదు.

నీ కోసం పోలీసులు రేపో ఎల్లుండో వస్తారు. వాళ్ళకంటే ముందు బస్సెక్కు. నా దగ్గరికి రావద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళి మీ అక్కని లేపి ఇంటికి పంపించు. ఆవిడ లేచిన చోట నువ్వు కూర్చో. ఆయన మళ్ళీ అడిగినప్పుడు జవాబు చెప్పు.

బావ